చివర్న ఆడే పిండి

తాళం తుప్పు పట్టిపోయింది. కొబ్బరినూనె పోసి రాయితో రెండు దెబ్బలు వేస్తే గానీ ఊడి రాలేదు. స్థలం కొనుక్కుంటున్నాయన బయట స్కూటర్ మీదే కూర్చున్నాడు. ఆయనకి కావలసింది నేల, లోపల ఏముందో ఆయనకి పట్టదు. తలుపు తోశాను. బూజు, ఎలుకల కంపు, పాత గ్రీజు. అవన్నీ ఉంటాయని తెలిసే వెళ్ళాను. మర దగ్గరికెళ్ళి పైనున్న చెక్క తొట్టి మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం ఇంకో వాసన లేచింది. ముందు బావంచాల ఘాటు. దాని వెనకాలే కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండిన బత్తాయి తొక్కలు.

మా పిండిమర ఆగిపోయి 13 ఏళ్ళు దాటింది. ఆ తొట్టిలో వేల బస్తాల బియ్యం పోశాం, గోధుమలు పోశాం, శనగపప్పు పోశాం. ఒక్కదాని వాసనా మిగల్లేదు. ఏడాదికి నాలుగు వారాలు ఆడే సున్నిపిండి మాత్రం చెక్కలో ఇంకిపోయి కూర్చుంది.

*

మాది తెనాలి. కాలవ దాటగానే ఎడం చేతి వీధిలో మా మర. దానికి బోర్డు ఉండేది కాదు. చప్పుడే బోర్డు. బెల్టుకి అతుకు ఉన్న చోట పుల్లీ మీద పడినప్పుడల్లా ‘టప్’ మనేది. ఆ టప్ టప్ వినపడితే కరెంటు ఉన్నట్టు, ఆగితే కోత మొదలైనట్టు. వీధిలో ఆడవాళ్ళు గడియారం చూసేవాళ్ళు కాదు, మా బెల్టుని వినేవాళ్ళు.

సంక్రాంతి నెల పట్టగానే మర ముందు డబ్బాలు వరస కట్టేవి. మనుషులు అక్కర్లేదు, డబ్బా నిలబడితే చాలు. పామోలిన్ డబ్బాలు, పాలపొడి డబ్బాలు, మూతకి గుడ్డ కట్టిన సత్తు గిన్నెలు. అరిసెలకి నానబెట్టి వడేసిన తడిబియ్యం తెచ్చినవాళ్ళది ముందు, ఎందుకంటే అది పులిసిపోతుంది. తర్వాత జంతికల బియ్యం, శనగపప్పు, మినుములు. కారానికి వేరే మర, దాని గది వేరు, దాని తుమ్ములు వేరు. దుగ్గిరాల నుంచి వచ్చే పసుపు కొమ్ములు కూడా ఆ గదిలోనే.

సున్నిపిండి డబ్బాలు మాత్రం గోడవార విడిగా పెట్టించేవాడు నాన్న. రాత్రి అందరి పిండ్లూ అయిపోయాక, మర కట్టేసేముందు ఆడేది అది. ఎవరు ఎంత తొందరపెట్టినా వినడు. “పిన్నిగారూ, ఇది పోశానంటే రేపు ఊరంతా జంతికలకి వట్టివేళ్ళ వాసనొస్తది. మీరు ఇంటికి పోయి పడుకోండి, పొద్దున్నే అబ్బాయి తెచ్చి ఇస్తాడు.”

అబ్బాయి అంటే నేను. డబ్బాకి పది పైసలు ఎవరైనా ఇస్తే ఇచ్చినట్టు.

సున్నిపిండి ఆడాక రెండు కిలోల నూకలు పోసి తిప్పేవాళ్ళం, రాళ్ళు కడగడానికన్నమాట. ఆ నూకల పిండి మా గేదెకి. ఒక రాత్రి నిద్రమత్తులో నూకలు పోయకుండా మర కట్టేశాను. మర్నాడు మొదటి డబ్బా ఎదురింటి వాళ్ళ శనగపిండి. సాయంత్రం ఆ ఇంటి పెద్దాయన ఒక బజ్జీ అరిటాకులో పెట్టుకుని వచ్చి నాన్న చేతికిచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. నాన్న కొరికాడు, నమిలాడు, నావైపు చూశాడు. “స్నానం చేసిన బజ్జీ రా ఇది” అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో బజ్జీలు వేస్తే ఆ మాట రాకుండా ఉండేది కాదు.

*

ఏ ఇంటి డబ్బాలో ఏముందో మూత తీయకుండా చెప్పగలిగేవాణ్ణి. అందరిదీ పెసలే మూలం. కొందరు సగం శనగపప్పు కలిపేవాళ్ళు. గుప్పెడు బియ్యం పడితే బరక వస్తుందని కొందరు. పచారీ కొట్టులో ‘సున్నిపిండి సామాను’ అని అడిగితే చాలు, కొట్టు ఆయన కాగితం పొట్లాల్లో బావంచాలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, తుంగముస్తెలు, కస్తూరి పసుపు కట్టి ఇచ్చేవాడు. వంటపసుపు వేస్తే మొహం మూడు రోజులు పచ్చగా ఉంటుంది, కస్తూరి పసుపు అంత అంటుకోదు. ఆ తేడా తెలియని కొత్త కోడలు ఒకామె దుగ్గిరాల కొమ్ములే అర కిలో పోసుకొచ్చింది. నాన్న డబ్బా మూత తీసి, ఏమీ అనకుండా పక్కన పెట్టి, వాళ్ళ అత్తగారిని రమ్మని కబురు పంపాడు.

ఇక గులాబీ రేకులు. ఏడాది పొడవునా దేవుడికి పెట్టినవి, ఎవరి మెళ్ళోనో పడ్డ దండల్లోవి మేడ మీద చాపేసి ఎండబెట్టి దాచేవాళ్ళు. బత్తాయి తొక్కలూ అంతే. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గిందంటే ఆ ఏడు సున్నిపిండిలో తొక్కలు ఎక్కువ పడ్డట్టు లెక్క. బత్తాయిలు మరి జ్వరానికే కొనేవాళ్ళు కదా.

నాన్నకి వీటి గుణాలు ఏవీ తెలియవు. ఆయనకి తెలిసింది ఒక్కటే, పిండి పలుకు. రాళ్ళ మధ్య సందు బిగించే చక్రం మీద ఎడం చెయ్యి, గుడ్డగొట్టం కింద కుడి చెయ్యి. పడుతున్న పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవాడు. “ఒంటికా, మొహానికా?” అని అడిగేవాడు. ఒంటికి అంటే చక్రం ఒక వీసం వదులు. మొహానికి అంటే బిగింపు. రెండిటికీ అంటే బరకగానే ఆడి, “ఇంటికెళ్ళి జల్లించుకో అమ్మా” అనేవాడు. రాళ్ళకి గంట్లు కొట్టించిన కొత్తలో మాత్రం వారం రోజులు సున్నిపిండి ఎవరిది వచ్చినా తీసుకునేవాడు కాదు. కొత్త గంట్లకి రాతి నలుసు రాలుతుంది. అరిసెలో పడితే పంటికి తగులుతుంది, ఊసేస్తారు. మొహాన పడితే గీసుకుంటుంది. మర వ్యాపారంలో ఆయన పట్టింపుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఆ వారం ఆదాయం పోయేది, అమ్మ సణిగేది, అయినా తీసుకునేవాడు కాదు.

*

అమ్మ దగ్గర మూడు జల్లెళ్ళు ఉండేవి. నిజానికి రెండు జల్లెళ్ళు, ఒక పాత పంచె ముక్క. పెద్ద కంతల జల్లెడలో నిలిచింది కాలి మడమలకి. రెండోదాంట్లో నిలిచింది వీపుకీ చేతులకీ. ఆ రెండూ దాటి వచ్చినదాన్ని పంచె ముక్కలో పోసి, గిన్నె మూతికి వాసెన కట్టి, అరచేత్తో మెల్లగా తట్టేది. కింద పడేది పౌడర్ కన్నా మెత్తన. వస్త్రగాళితం అనేది నాయనమ్మ దాన్ని. అది మొహానికి. ఆ డబ్బా మీద సుద్దముక్కతో ఒక బొట్టు ఉండేది గుర్తుకి.

భోగి తెల్లవారుజామున మంట దగ్గర్నించి లాక్కొచ్చి పెరట్లో పీట మీద కూర్చోబెట్టేవాళ్ళు. కాగులో నీళ్ళు మరుగుతుండేవి. పొగ మొహాన కొట్టేది. నువ్వులనూనె మాడు మీద పెట్టి నాయనమ్మ తప తప తట్టేది, తల లోపల డప్పు మోగినట్టుండేది. తర్వాత ఒళ్ళంతా నూనె, ఆపైన పిండి. వీపు మీద ఆమె చెయ్యి తిరగలి తిప్పినట్టు తిరిగేది. నల్లగా ఒత్తులు ఒత్తులుగా రాలేవి. “చూశావా నీ మట్టి! పార్వతమ్మ అయితే ఈపాటికి ఇద్దరు వినాయకుల్ని చేసుండేది” అనేది. వినాయక చవితి కథలో పార్వతీదేవి నలుగుపిండితోనే కదా బొమ్మ చేసి ప్రాణం పోసింది. అందుకని నాకు చాలాకాలం ఒక భయం ఉండేది, తూములోకి పోయిన ఆ ఒత్తులు ఎక్కడో లేచి నిలబడతాయేమోనని. ఆ ఒత్తుల్లో నా మట్టి ఎంతో, నూనె పట్టిన పిండి ఎంతో ఆలోచించే వయసు కాదు.

వీపు మీద అంత మోటుగా ఉండే చెయ్యి మొహం దగ్గరికి వచ్చేసరికి మారిపోయేది. ఆమె చేతి కింద పెరిగిన ఎవరైనా ఈ ఒక్కటీ మర్చిపోరు. చెయ్యి కడుక్కునేది ముందు. బొట్టు ఉన్న డబ్బాలోంచి చెంచాడు పిండి, కాసిని పచ్చిపాలు, ఒక మీగడ తరక. అది మొహానికి పట్టించి, ఆరేదాకా ఉంచేది కాదు. ఇంకా తడిగా ఉండగానే ఉంగరపు వేలితో, అదీ నీళ్ళలో ముంచి, గుండ్రంగా. ముక్కు పక్కన రెండు చుట్లు, గడ్డం కింద రెండు, నుదుటి మీద అడ్డంగా. కళ్ళ కింద అసలు లేదు. “అక్కడ ఉల్లిపొరరా” అనేది. చూపుడువేలు ఎందుకు వాడవని అడిగితే “అది పెత్తనం చేసే వేలు” అనేది.

ఆ తర్వాత కుంకుడు రసం, దానితో ఏడుపు, నోట్లో ఉప్పుకల్లు. అదంతా వేరే కథ.

*

ఇంటర్ రెండో ఏడు నా మొహం నిండా మొటిమలు. క్లాసు గ్రూప్ ఫొటో రెండు రోజుల్లో ఉంది. అప్పటికి నాయనమ్మ లేదు. అమ్మ మర దగ్గర ఉంది. నేను అటక ఎక్కి డబ్బాలు దించాను. బొట్టు ఉన్న డబ్బా చూశాను, మరీ మెత్తగా ఉంది, దీనితో ఏం పోతుంది అనిపించింది. మడమల డబ్బా తీశాను. నిమ్మరసం పిండాను. చాలదని బీరపీచు కూడా పట్టుకున్నాను. ఆ రోజు నేను మొహం కడుక్కోలేదు, ఇత్తడి బిందె తోమాను. అద్దంలో చూస్తే నిగనిగలాడుతోంది. ఎంత సంతోషమో! అప్పుడే సైకిలేసుకుని, మిట్టమధ్యాహ్నం, బుర్రిపాలెం దాకా వెళ్ళొచ్చాను స్నేహితుడి ఇంటికి.

సాయంత్రానికి మంట. రాత్రికి బుగ్గలు కందిపోయి పొంగాయి. మర్నాటికి ముక్కు మీద, బుగ్గల మీద నల్లగా మాడినట్టు మచ్చలు. గ్రూప్ ఫొటోలో వెనక వరసలో పక్కకి తిరిగి ఏదో చూస్తున్నట్టు నిలబడ్డవాణ్ణి నేనే.

నాన్న గుంటూరు తీసుకెళ్ళాడు, చర్మం డాక్టరు దగ్గరికి. ఆయన నా మొహం కన్నా నాన్న తెచ్చిన పొట్లాన్నే ఎక్కువసేపు చూశాడు. వేలితో కెలికి, నల్ల పొట్టు తీసి, “బావంచాలా?” అన్నాడు. ఆయనే చెప్పాడు, బొల్లి మచ్చల వైద్యంలో పనికొచ్చే పదార్థం వాటిలో ఉంటుందని, సోరాలిన్ అంటారని, అది చర్మానికి పట్టాక ఎండ తగిలితే చర్మం మామూలు కన్నా తొందరగా కాలుతుందని. నిమ్మరసం దానికి తోడు. పైన గీరుడు. “పైపొర ఎటూ చచ్చిన కణాలేనయ్యా. నీ వయసులో నాలుగు వారాలకో ఎంతకో తనంతట తనే రాలి కిందది పైకొస్తుంది. నువ్వు చచ్చినదాన్నీ బతికినదాన్నీ కలిపి గీకావు” అన్నాడు. మొటిమ ఉన్న చోట అసలు రుద్దకూడదని, రుద్దితే ముదురుతుందనీ మచ్చ పడుతుందనీ అన్నాడు. మచ్చలు పోవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది.

అమ్మ తిట్టలేదు. ఇంటికొచ్చాక అటక మీది డబ్బాలన్నీ దింపి, మడమల పిండి తీసుకెళ్ళి గేదెల కొట్టంలో పోసింది. ఆ తర్వాత మా ఇంటి సున్నిపిండిలో బావంచాలు పడలేదు. నాన్న మాత్రం మరకి ఎవరు తెచ్చినా “బావంచాలేసుకుని ఎండలోకి పోమాకండమ్మా” అని చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు నవ్వేవాళ్ళు. మరాడించేవాడు వైద్యుడయ్యాడని.

*

అక్క పెళ్ళికి మర రెండు రోజులు కట్టేశాం. పెళ్ళికూతుర్ని చేసిన రోజు నలుగుకి అమ్మ ఆ పంచె ముక్క జల్లెడ పిండే వాడింది. ముత్తైదువలు తలా ఒక చిటికెడు రాయాలి కదా, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో రకం. మా మేనత్త గాజుల చెయ్యి వచ్చేసరికి అక్క మొహం చిట్లించింది. అమ్మ పక్కనుంచి “వదినా, మొహానికి అద్దితే చాలు, రుద్దకు” అంది. మేనత్త మూతి ముడుచుకుంది. పెళ్ళయ్యే దాకా ఆ మూతి అలాగే ఉంది. ఆల్బంలో చూడొచ్చు.

ఆ అక్కే తర్వాత అమెరికా నుంచి వచ్చినప్పుడు అమ్మకి ఒక ట్యూబు తెచ్చింది. మొహం రుద్దుకునే క్రీము, లోపల నీలంగా చిన్న చిన్న పూసలు. అమ్మ ఇంత అరచేతిలోకి తీసుకుని, నాన్న చేసినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది. నలిపింది. నీళ్ళు పోసి నలిపింది. ఇంకా నలిపింది.

“ఇది నలగదేంటే?”

“నలగదమ్మా, ప్లాస్టిక్.”

అమ్మ చేతులు కడుక్కుని వచ్చేసింది. ఆమె లెక్కలో పిండి అన్నాక తడి తగిలితే మెత్తబడాలి, చివరికి కరిగి జారిపోవాలి. మొహం మీద ఎంత బరకైనా నాలుగు చుట్లకి అణగాలి. అణగనిది రాయి కిందే లెక్క. తర్వాత్తర్వాత ఆ పూసలు కాలవల్లోకీ సముద్రంలోకీ పోయి చేపల కడుపుల్లో తేలుతున్నాయని గోల మొదలైంది. అమెరికాలోనే 2015లో చట్టం చేసి, 2017 నుంచి కడిగేసుకునే క్రీముల్లో వాటి తయారీ ఆపించారు. అక్క ఫోన్లో ఆ సంగతి చెబితే అమ్మకి పూసలూ చేపలూ ఏమీ అర్థం కాలేదు, తను గెలిచిందని మాత్రం అర్థమైంది.

అక్క ఆ ట్యూబు తెచ్చేనాటికే మరకి డబ్బాలు రావడం తగ్గింది. శనగపిండి ప్యాకెట్లో దొరుకుతోంది, అరిసెలు స్వీటు షాపులో దొరుకుతున్నాయి. చివరి రెండు మూడు సంక్రాంతులకి గోడవార సున్నిపిండి డబ్బాలు నాలుగో ఐదో. నాన్న వాటికోసం రాత్రి పదింటిదాకా కూర్చునేవాడు, ముందు ఆడటానికి వేరే పిండ్లు లేకపోయినా సరే. సాయంత్రమే ఆడి ఇంటికి రావచ్చుగా అంటే వినేవాడు కాదు. ఆ పిండి రాత్రే ఆడాలి.

*

ఇప్పుడు మా అమ్మాయి స్నానాలగది అరలో పిండి లేదు, సీసాలున్నాయి. మీద శాతాలు రాసి ఉంటాయి. లాక్టిక్ యాసిడ్ 5 శాతం అని ఒకటి. పెరుగులో ఉండేదే కదే అన్నాను. “అదే నాన్నా, కానీ లెక్క కట్టి వేస్తారు” అంది. ఇంకోటి గ్లైకాలిక్, చెరకు రసంలోనూ ఉంటుందట. వీటికి రుద్దడమే ఉండదు. రాసి ఊరుకుంటే చచ్చిన కణాల మధ్య జిగురు వదులవుతుంది, అవే రాలతాయి. వారానికి రెండు రాత్రులు, పొద్దున్నే సన్‌స్క్రీన్ తప్పనిసరి. నాయనమ్మ పాలూ మీగడా కలపడం గుర్తొచ్చింది నాకు. దీనికి శాతం ఉంది, దానికి వేలు ఉండేది. నిజం చెప్పాలంటే మా ఇంటర్ రోజుల్లో ఈ సీసా ఉంటే ఫొటోలో నేను నేరుగా చూసేవాణ్ణి. అయితే అప్పుడు నేను ఆ సీసా మొత్తం ఒక్క రోజులో పోసేసుకునేవాణ్ణేమో కూడా.

అమ్మ చివరి ఏడాది మంచం మీద ఉంది. అక్క వచ్చిన నెల రోజులు అక్క పోసింది స్నానం, తర్వాత నేను. ఒక భోగికి, పండగ కదా అని, సున్నిపిండి తెప్పించాను. కొట్లో దొరికే ప్యాకెట్టు. అమ్మ చేతికి ఇస్తే వేళ్ళ మధ్య పెట్టి చూసింది. మొహం చిట్లించింది. నేను పంచె ముక్క కోసం వెతికి, గిన్నెకి వాసెన కట్టి తట్టడం మొదలుపెట్టాను. గంటకి రెండు చెంచాలు పడింది. పాలు కలిపి తెచ్చాను. ఉంగరపు వేలు నీళ్ళలో ముంచి బుగ్గ మీద పెట్టాను. చర్మం వేలితో పాటే కదిలింది, అరటిదవ్వ మీది పొరలాగా.

“వద్దులేరా” అంది అమ్మ. “ఉత్త నీళ్ళు చాలు. రాలాల్సినవన్నీ రాలిపోయినయ్.”

తడిగుడ్డతో అద్దాను. పిండి గిన్నె పక్కన అలాగే ఉండిపోయింది. నేనే రాసుకున్నాను దాన్ని, తర్వాత.

*

మరని పాత ఇనుము ఆయన తూకానికి తీసుకుంటానన్నాడు. రాళ్ళు మోయలేమని అక్కడే వదిలేశాం, పునాదిలోకి పనికొస్తాయన్నాడు స్థలం కొన్నాయన. గోడకి మేకున వేలాడుతున్న నాన్న చేతిగుడ్డ ఎలుకలు కొట్టేశాయి. నేను ఆ చెక్క తొట్టి మాత్రం విప్పించి ఆటోలో వేయించాను. ఏం చేసుకుంటావని కొన్నాయన అడిగాడు. తెలియదన్నాను.

ఆటో కాలవ వంతెన ఎక్కింది. ఎండకి చెక్క వేడెక్కుతోంది. డ్రైవరు కుర్రాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

“ఏందండీ ఈ వాసన? ఇంట్లో పెళ్ళా?”